ఊదా సముద్రం, గులాబీ మనుషులు

కంప్యూటర్ తెర మీద కనిపించే రంగు ఒకటి, ప్రింటర్‌లోంచి బయటికొచ్చే రంగు ఇంకొకటి. ఈ తేడాయే గనక లేకపోతే ఈ దేశంలో సగం పెళ్లిళ్లు జరిగేవే కావని నేను ఘంటాపథంగా చెబుతున్నాను!

నవ్వేవాళ్లు ఒక్కసారి లేచి మీ ఇంట్లో పెళ్లి ఆల్బమ్ తీయండి. అందులో గులాబీ బుగ్గలతో వెలిగిపోతున్న ఆ పెళ్లికొడుకు ఎవరండీ? మీరేనా? మీ పిల్లలు ఆ మాట నమ్మారా? పక్కింటివాళ్లు నమ్మారా? పోనీ, మీరు నమ్మారా?

ఇంత ఉపకారం చేసిన ప్రింటర్‌కు మనం ఏమిచ్చాం? తిట్లు! నీలం వేస్తే ఊదా వచ్చిందని దాని నెత్తిన మొట్టాం. ఈ మధ్య కొందరు చదువుకున్నవాళ్లు బయలుదేరి క్యాలిబ్రేషన్ అనీ, కలర్ ప్రొఫైల్ అనీ కొత్త మంత్రాలు చదువుతున్నారు. తెరా, కాగితమూ ఒక్క రంగే చూపించి తీరాలట! ఒకే కప్పు కింద జీవితమంతా కాపురం చేసిన మొగుడూ పెళ్లాలకే కూరలో కారం దగ్గర మాట కలవదు. అలాంటిది ఎక్కడో పుట్టిన మానిటర్‌కూ, ఇంకెక్కడో పుట్టిన ప్రింటర్‌కూ, సందు చివర కొట్లో సిరంజితో నింపించిన ఇంకుకూ ఏకాభిప్రాయం కుదరాలా?

నా మాట మీద నమ్మకం లేనివాళ్లను సూరత్ తీసుకెళ్తాను, పదండి. అక్కడ గోడాదరాలో లింగమూర్తి అని ఒక మహానుభావుడున్నాడు.

లింగమూర్తి సిరిసిల్ల వైపు నుంచి వచ్చి చాలాకాలం సాంచల మీద, అంటే పవర్‌లూమ్‌ల మీద, బట్ట నేశాడు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాక, మిగిలిన కళ్లతోనైనా బతుకుదామని ఫోటో స్టూడియో పెట్టాడు. ఒక డిజిటల్ కెమెరా, వీపు వెనక్కి పొడుచుకొచ్చిన పాత మానిటర్, ఒక ఇంక్‌జెట్ ప్రింటర్, ఎవరి దగ్గరో కాపీ చేసుకున్న ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. ఇదీ ఆస్తి. తలుపు మీద బోర్డు కట్టించి, దాని మీద ‘ఉన్నది ఉన్నట్టు’ అని తెలుగులో పెద్దక్షరాలతో రాయించాడు. ప్రతి ఫోటో వెనకా అదే మాటతో రబ్బరు ముద్ర వేసేవాడు.

ప్రింటర్ మాత్రం ఆ బోర్డు చదవలేదు. దానికి తెలుగు రాదు మరి!

అది నీలాన్ని ఊదా చేసేది. మట్టి రంగుకు గులాబీ పూసేది. సూరత్ పక్కనే ఉన్న డుమస్ సముద్రం సంగతి తెలిసిందే, నల్ల ఇసుక, బురద నీళ్లు. ఆదివారం అక్కడ టమాటా భజియా తింటూ దిగిన ఫోటోలను లింగమూర్తి మొహమాటానికి తెర మీద కాస్త నీలం చేసి ప్రింట్ కొడితే, సముద్రం నేరేడుపళ్లు పిసికి పోసినట్టు వచ్చేది. ఆ ఫోటోలు ఊళ్లకు వెళ్లేవి. అక్కడ ఒక్కరైనా అనుమానపడ్డారా? లేదు! సూరత్‌లో రంగుల మిల్లులున్నాయి కదా, ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయి, సముద్రం అట్లాగే ఉంటుందిలే అనుకున్నారు. తప్పు రంగు కూడా ఎంత నిజం చెప్పిందో చూశారా?

ఇక మనుషుల సంగతి. ఎండలో సైకిల్ తొక్కి కమిలినవాళ్లు, బట్టకు రంగులద్దే డయింగ్ హౌస్ ఆవిరిలో ఉడికినవాళ్లు ఆ ప్రింటర్‌లో దూరి కాశ్మీరు యాపిల్ పళ్లలా బయటికొచ్చేవారు. వాళ్లలో ఒక్కడంటే ఒక్కడు ‘ఇది నా రంగు కాదు’ అని ఫోటో వాపసు ఇవ్వలేదు. “జర ఇంకిన్ని కాపీలు కొట్టు లింగన్నా, ఊరికి పంపాలె” అన్నారు. అదే ఫోటోలో భార్య కట్టిన చీర అంచు పిసరంత ముదురుగా వస్తే మాత్రం స్టూడియో ముందు పంచాయితీ! బట్ట రంగు దగ్గర అబద్ధమాడితే సూరత్ ఊరుకోదు.

లింగమూర్తి మాత్రం పాపం నిజంగానే కుమిలిపోయేవాడు. ఆ బోర్డు తాను రాయించుకున్నదే కదా. మానిటర్‌ను కిటికీ వైపు తిప్పాడు, గోడ వైపు తిప్పాడు. తెరకు పలచటి పచ్చకాగితం అంటించి చూశాడు. దసరాకు ప్రింటర్‌కు కుంకుమ బొట్టు పెట్టి నిమ్మకాయ కోశాడు. ఆ మర్నాటి నుంచి ఫోటోలు ఇంకాస్త ఎర్రగా వచ్చాయని సమ్మక్క అనేది. సమ్మక్క అతని భార్య.

ఒకనాడు సూరత్‌లోనే ఉధనాలో ఉండే జయదేవ్ అనే ఆయన పాస్‌పోర్ట్ ఫోటోకు వచ్చాడు. బ్యాంకులో కంప్యూటర్లు చూసే ఉద్యోగం ఆయనది. తన మొహం గులాబీ రంగులో రావడం చూసి, అందరిలా సంతోషించకుండా, కుర్చీ లాక్కుని మానిటర్ ముందు కూర్చున్నాడు.

“ఇదిగో చూడండి లింగమూర్తి గారూ, ఇక్కడ రెండు టిక్కులున్నాయి. రంగు నేను దిద్దుతానని సాఫ్ట్‌వేర్ అంటోంది. నేనూ దిద్దుతానని ప్రింటర్ అంటోంది. ఇద్దరూ దిద్దేస్తున్నారు. అత్తా కోడలూ ఒకరికి తెలియకుండా ఒకరు ఉప్పేసిన పప్పులా తయారైంది. ఒక టిక్కు తీసేయండి, రంగు అదే కుదురుతుంది.”

లింగమూర్తికి ఈ మాట నచ్చలేదు.

“ఏంది సార్, గట్లంటరు? కార్ఖానల బట్ట తాను దిగినంక ఒకపారి చూస్తరు. సేఠ్ కాడ మల్ల ఒకపారి చూస్తరు. ఇద్దరు చూస్తెనే గదా తప్పు దొరికేది? ఒకన్ని తీసేస్తె ఎట్ల?”

ఇద్దరు చూడటం వేరు, ఇద్దరు దిద్దడం వేరు అని జయదేవ్ ఎంతో చెప్పాడు. బట్ట నేసినవాడికి ఒక కాపలా కంటే రెండు కాపలాలు మేలనిపించడంలో ఆశ్చర్యం ఏముంది? మూడో టిక్కు ఎక్కడైనా కనిపించి ఉంటే లింగమూర్తి అదీ పెట్టేవాడే.

సరిగ్గా ఆ రోజుల్లోనే తమ్ముడు పరమేశ్‌కు సంబంధం కుదిరింది.

పరమేశ్ ఇంకా సాంచల మీదే ఉన్నాడు. పిల్ల పేరు విజయరాణి, సిరిసిల్లలో జాకెట్లు కుడుతుంది. ఆమె ఫోటో వచ్చింది. తెల్లగా దంతపు బొమ్మలా ఉంది. పరమేశ్‌ను పడగొట్టింది మాత్రం ఫోటో కాదు, ఫోనులో విన్న గొంతు. ఒక్కసారి మాట్లాడాడు, అంతే! అప్పటి నుంచి సాంచె మీద పోగు తెగినా చూడకుండా పాటలు పాడుతూ సేఠ్‌తో తిట్లు తింటున్నాడు. ఈ పిల్ల కాకపోతే తనకు ఇంకో పిల్ల వద్దని వదినెతో చెప్పేశాడు కూడా.

పిల్ల తరఫువాళ్లు ఒక్కటే అడిగారు. సూరత్‌లో ఉంటారు కాబట్టి నిశ్చితార్థానికి, అదే పూలూ పండ్ల నాటికి, చీర మీరే తెండి, ముందుగా దాని ఫోటో, పిలగాని ఫోటో పంపండి, అన్నారు. సమ్మక్క ఏరి ఏరి వెండి అంచు ఉన్న ఆకాశనీలం చీర కొన్నది. లింగమూర్తి దాన్ని మడత విప్పి ఫోటో తీశాడు. దాని పక్కనే పరమేశ్ ఫోటో పెట్టి, రెండూ ఒకే కాగితం మీద ప్రింట్ కొట్టాడు. ఎప్పటిలాగే నీలం ఊదా కొట్టింది. ‘నీలమని వాళ్లకు తెలియదా’ అనుకుని ముద్ర వేసి పోస్టులో పంపేశాడు.

కొన్నాళ్లకు పిల్ల తండ్రి బుచ్చిరాములు ఫోన్ చేశాడు. గొంతులో పండగ వినిపిస్తోంది.

“చీరె మస్తు నచ్చింది! గసొంటి రంగు మా సిరిసిల్లల పుట్టనే లేదు. మా ఆడోళ్లందరు ఫోటో పట్టుకొని దుకాండ్లన్ని తిరిగి, దొరకకుంటె జాకెట్ల గుడ్డకు గా రంగు అద్దిచ్చుకున్నరు. గాజులు సుత గదే రంగు. విజయరాణే కూసొని అందరియి కుట్టింది.”

అది నీలం చీర అని లింగమూర్తి చెప్పబోయాడు. బుచ్చిరాములు ఆగలేదు.

“ఇంతకుముందు ఒక సంబంధం వచ్చె. ఫోటోల ఒక చీరె చూపిచ్చి, చేతుల ఇంకోటి పెట్టిండ్రు. చీరెకాడనే మాట తప్పెటోడు పిల్లనేం చూసుకుంటడని వాపస్ పంపినం. మీరు గసొంటోళ్లు గాదు, మాకెరుకే.”

ఫోన్ పెట్టగానే సమ్మక్క బీరువాలో చీర తీసి, స్టూడియోలో మిగిలిన కాపీ పక్కన పెట్టింది. చీర ఆకాశం. ఫోటో నేరేడుపండు పాలల్లో పిసికినట్టు ఉంది. పరమేశ్ మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు.

ఇక మొగుడూ పెళ్లాలిద్దరూ సూరత్ బట్టల మార్కెట్లు జల్లెడ పట్టారు. దేశమంతటికీ చీరలు పంపే ఊరు! అక్కడ ఉల్లిపొర రంగుంది, వంకాయ రంగుంది, నెమలికంఠం ఉంది, పేరు పెట్టడానికి జనం భయపడే రంగులు కూడా ఉన్నాయి. ఈ ఒక్క రంగు లేదు. చివరికి ఒక దుకాణదారు ఫోటోను వెలుతురుకు ఎత్తి, “భాయ్, ఐసా కలర్ హోతా హీ నహీ. యే ఫోటో కిస్‌నే నికాలీ?” అని అడిగాడు. అలాంటి రంగే ఉండదట, ఆ ఫోటో తీసిందెవరట! వెనకాల ముద్ర కనిపిస్తుందేమోనని లింగమూర్తి ఫోటో లాక్కుని జేబులో పెట్టుకున్నాడు.

ఎవరైనా అయితే ఇక్కడ కాళ్లు చల్లబడి కూర్చునేవాళ్లు. కానీ వీళ్లు సూరత్‌వాళ్లు! ఊరి బయట కిమ్ దగ్గర ఒక డయింగ్ యూనిట్‌లో వాళ్ల వైపు మనిషి లస్మయ్య పనిచేస్తున్నాడు. చీర, ఫోటో పట్టుకెళ్లి అతని ముందు పెట్టారు.

లస్మయ్య నోరు తెరిచాడు. “చీరెను చూసి ఫోటో సరిచేసుకుంటరు గని, ఫోటోను చూసి చీరెను సరిచేసుడు ఏందన్నా? నా సర్వీసుల ఎన్నడు చూడలే!”

“తమ్మీ, పిలగాని పెండ్లి ఆగుతది. జర చూడు” అన్నది సమ్మక్క, కళ్లలో నీళ్లు తిప్పుకుంటూ.

లస్మయ్య ఆకాశాన్ని గులాబీ నీళ్లలో ముంచాడు. తీశాడు, మళ్లీ ముంచాడు. ఆరాక చీరను ఆరుబయటికి తెచ్చి, కొంగు పక్కన ఫోటో పెట్టి ఎండలో చూశాడు. సూరత్‌లో మ్యాచింగ్ చూసే పద్ధతి అది. ట్యూబులైటు కింద చూసి ఎవరూ ఒప్పుకోరు. తేడా లేదు! ముగ్గురూ ఆ యూనిట్ గేటు ముందే గంతులేశారు. లింగమూర్తికి సగం చెవులున్నా, ఆ రోజు ప్రపంచమంతా బాజాలు వినిపించాయి.

పాఠకులారా, ఈ సూత్రం గొప్పదనం ఆలోచించారా? ఫోటోను నిజానికి సరిచేయడం ఎంత కష్టం! నిజాన్ని ఫోటోకు సరిచేస్తే పోలా? కరపత్రంలో మన వీధి రోడ్డు అద్దంలా అచ్చయిందనుకోండి, కరపత్రం పట్టుకుని రోడ్డు వేయొచ్చు. హోటల్ గోడ మీద బొమ్మలో బిర్యానీ పక్కన కోడి కాలుంటే, ప్లేటులోకి కూడా ఒక కాలు తెప్పించొచ్చు. ఇంతకాలం మనం అనవసరంగా ప్రింటర్లను మార్చుకుంటూ వచ్చాం!

సిరిసిల్ల ప్రయాణంలో, రైలు కదిలాక, పరమేశ్ మెల్లగా అన్నాడు.

“అన్నా, చీరెకైతే రంగేసినవ్. మరి నాకు?”

అందరూ అతని వైపు చూశారు. అదే కాగితం మీద, అదే ప్రింటర్‌లో, చీర పక్కనే పరమేశ్ కూడా అచ్చయ్యాడు. చీర గోలలో పడి ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఫోటోలో పిల్లగాడు గులాబీ. ఎదురుగా బెర్తు మీద కూర్చున్నవాడు పుట్టినప్పటి నుంచీ మంచి నలుపు. సమ్మక్క సంచిలోంచి పౌడరు డబ్బా తీసింది. రైలు దిగేసరికి పరమేశ్ మొహం సున్నం పెచ్చులూడిన గోడలా ఉంది. అన్న తువాలు అందిస్తే తుడిచేసుకుని, ఏమైతే అది అయింది అన్నాడు.

పెళ్లికూతురి ఇంటి ముందు ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు, అందరి ఒంటి మీదా నేరేడుపాల రంగు జాకెట్లే. సమ్మక్క చీర విప్పింది. జాకెట్ల పక్కన పెట్టి చూసుకున్నారు. సరిపోయింది! ‘అబ్బ’ అన్నారు. తర్వాత వాళ్ల కళ్లు పరమేశ్ మీదికి జరిగాయి. అబ్బ అన్న నోళ్లు అలాగే ఉండిపోయాయి.

అప్పుడే లోపలి గదిలోంచి విజయరాణి వచ్చింది. ఈసారి నోళ్లు తెరవడం సూరత్‌వాళ్ల వంతు అయింది. దంతపు బొమ్మ ఏదీ? ఎదురుగా ఉన్నది పరమేశ్ రంగులోనే, పెద్ద కళ్లతో, నవ్వు ఆపుకుంటున్న మనిషి. సిరిసిల్లలోనూ ఒక స్టూడియో ఉంది. దానికీ ఒక ప్రింటర్ ఉంది!

మోసం అని అరుద్దామని ఇటు వాళ్లకూ ఉంది, అటు వాళ్లకూ ఉంది. అరిచే ముఖం ఎవరికీ లేదు. బుచ్చిరాములు ఉన్నట్టుండి చాయ్ గురించి అడగడం మొదలుపెట్టాడు. సమ్మక్క పైకప్పు మెచ్చుకుంది.

విజయరాణి చీర అంచు మడతలో ఇంకా మిగిలిన నీలం చూసి, తన దగ్గరున్న ఫోటో తీసి చూసి, పరమేశ్‌ను చూసి, లింగమూర్తితో అన్నది.

“చీరె మంచిగ ముంచుకొచ్చిండ్రు బావా. గీయనను ముంచుడు మరిశిండ్రా?”

ఎవరూ నవ్వే ధైర్యం చేయలేదు. పరమేశ్ మాత్రం, “నిన్ను సుత మీ స్టూడియాయన సున్నంల ముంచిండు గదా?” అన్నాడు.

“అవ్. గది నా ఫోటో గాదు, ఆయన గీసుకున్న బొమ్మ” అని విజయరాణి గట్టిగా నవ్వేసింది. తర్వాత ఫోటో వెనక్కి తిప్పి, ముద్ర మీది మాట అందరికీ వినపడేలా చదివింది. “ఉన్నది ఉన్నట్టు.”

లింగమూర్తి తల వంచుకున్నాడు.

“పూలు పండ్లు కానియ్యుండ్రి” అన్నది ఆమె. “గని ముహూర్తం ఇప్పుడే వద్దు. గీ చీరె కట్టుకొని మేమిద్దరం ఒక్క ఫోటో దిగుతం. ఉన్నది ఉన్నట్టు కొట్టి పంపుండ్రి. చీరెకోసం గంత తిప్పలు పడ్డరు, మనుషుల కోసం జరంత పడుండ్రి. గా ఫోటో చూసినంకనే పెండ్లి.”

బుచ్చిరాములు బతిమాలాడు, కసిరాడు. ఆమె తన మాట మార్చకుండా, పూలూ పండ్లయ్యాక ఆ చీర కట్టుకొచ్చి పరమేశ్ పక్కన నిలబడింది, లింగమూర్తి వెంట తెచ్చిన కెమెరాతో ఫోటో తీశాడు.

తిరుగు ప్రయాణంలో పరమేశ్ పాటలు పాడలేదు. ఫోనులో గొంతుకే పడిపోయినవాడు, ఇప్పుడు మనిషిని చూశాడు. ఆమె లేకుండా ఉండలేనని అతనికి తెలిసిపోయింది. పెళ్లి ఇప్పుడు ఆ ప్రింటర్ చేతిలో ఉంది. దాని చరిత్ర తమ్ముడికి తెలుసు కాబట్టి భయం.

లింగమూర్తి ఇంటికి కూడా వెళ్లకుండా బ్యాంకుకు వెళ్లి జయదేవ్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన సాయంత్రం వచ్చి, ఒక్క టిక్కు తీసేసి, “ఇప్పుడు కొట్టండి” అన్నాడు.

ప్రింటర్ మూలిగింది. కాగితం మెల్లగా బయటికి పాకింది.

నేరేడుపాల రంగు చీర నేరేడుపాల రంగులోనే ఉంది. ఆమె నలుపు ఆమె నలుపే, అతని నలుపు అతని నలుపే. ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుతున్నారు. ఆ నవ్వుకు మొహాలు మెరుస్తున్నాయి. లింగమూర్తి కాగితం తెర పక్కన పెట్టి చూశాడు, గుమ్మంలోకి తీసుకెళ్లి చూశాడు. స్టూడియో పెట్టాక మొదటిసారి తెరా, కాగితమూ ఒక్కటయ్యాయి. ఆనందం పట్టలేక భార్యను కేకేశాడు.

సమ్మక్క వచ్చి చూసింది. మొహం చిన్నబుచ్చుకుంది.

“అయ్యో! రంగు సరిగ్గ రాలే గదయ్యా?”

ఇరుగు పొరుగు చేరారు. అవును, సరిగ్గా రాలేదన్నారు. ఇంకు అయిపోయిందేమో అన్నారొకరు. కాగితం నాసిరకమన్నారింకొకరు. కాసేపటికి సిరిసిల్ల నుంచి బుచ్చిరాములు ఫోన్. “పిల్ల ఏదో అన్నది గని, మీరు జర మంచిగనే కొట్టి పంపుండ్రి. ఫోటో నలుగురు చూస్తరు గదా?”

“పాతలెక్కనే ఒకటి కొట్టు, గదే పంపుదాం” అన్నది సమ్మక్క. జయదేవ్ వెళ్లిపోయాడు. లింగమూర్తి వెళ్లి తీసేసిన టిక్కు మళ్లీ పెట్టాడు. ఇంకో కాగితం వచ్చింది. ఇద్దరు గులాబీ మనుషులు! చుట్టూ చేరినవాళ్లంతా ‘హమ్మయ్య’ అన్నారు.

పరమేశ్ సాంచల నుంచి అప్పుడే వచ్చాడు. గులాబీ ఫోటో చేతిలోకి తీసుకున్నాడు.

“వీళ్లెవరో మంచిగనే ఉన్నరు వదినె. గని వీళ్ల పెండ్లికి మనమెందుకు ఉరుకుడు?” అని దాన్ని బల్ల మీద పెట్టేసి, మొదట కొట్టిన ఫోటో తీశాడు. వెనక ముద్ర వేసి కవరులో పెట్టమని అన్నకిచ్చాడు. ఆ ముద్ర వేసేటప్పుడు లింగమూర్తికి ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

ముహూర్తం కుదిరింది. పెళ్లి జరిగింది. విజయరాణి గోడాదరా కోడలైంది, ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుంది. మిషన్ పైన గోడకు ఆ ఫోటో తగిలించింది. జాకెట్ కొలతలకు వచ్చిన ప్రతి మనిషీ దాన్ని చూసి ఒకే మాట అంటుంది. “ఫోటో మంచిగున్నది, గని రంగు సరిగ్గ రాలే.”

విజయరాణి మిషన్ ఆపుతుంది. ఫోటో తీసి, వచ్చినామెను చెయ్యి పట్టుకుని గుమ్మం బయటికి, ఎండలోకి తీసుకెళ్తుంది. ఫోటోను తన చెంప పక్కన పెట్టుకుంటుంది. “మ్యాచింగ్ చూడక్కా. ఎక్కడ తేడా ఉన్నది?”

వచ్చినామె ఫోటోను చూస్తుంది, చెంపను చూస్తుంది. సూరత్ మనిషి కదా, మ్యాచింగ్ కుదిరాక కుదరలేదని ఎలా అంటుంది? కొలతలిచ్చి, తిన్నగా లింగమూర్తి స్టూడియోకు వెళ్లి, తన బిడ్డ ఫోటో మాత్రం మీ మరదలిదాని లెక్క వద్దని చెప్పి వస్తుంది.

నేను మొదట చెప్పింది ఇదే. పాపం ప్రింటర్‌ను అనకండి. అది తీసేయడానికి వీలుగా రెండు టిక్కులు కళ్ల ముందే పెట్టుకుంది. మన టిక్కులు మనం ఎక్కడ దాచుకున్నామో ఏ జయదేవ్ వచ్చి చూపించాలి?

లింగమూర్తి బోర్డు తీసేయలేదు. బతకాలి కాబట్టి ‘ఉన్నది ఉన్నట్టు’ కింద చిన్నక్షరాలతో ఇంకో వరస రాయించాడు: ‘అడిగినవారికి మాత్రమే’. ఇప్పటిదాకా అడిగింది విజయరాణి ఒక్కతే.